దొరకలేదంటే లేనట్టేనా? సముద్ర ద్వీపాల్లో కీటకాల సర్వే: ప్రసంగ పాఠం

(రికార్డింగు విని టైపు చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడులో వెనక వరసకి వినబడకపోతే చెయ్యెత్తండి, నేనే గొంతు పెంచుతాను.

ద్వీపాల కీటకాలు అనగానే అందరూ అడిగేది ఒకటే. ఫలానా ద్వీపంలో ఎన్ని రకాల పురుగులున్నాయండీ అని. దాన్ని కాసేపు పక్కన పెడదాం. అంతకంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకొకటుంది. ఫలానా పురుగు ఈ ద్వీపంలో లేదు అని ఎప్పుడు చెప్పొచ్చు? ఉంది అనడానికి ఒక్క పురుగు పట్టుకొస్తే చాలు. మరి లేదు అనడానికి? ఏం చూపిస్తారు?

సెయింట్ హెలెనా సంగతి చూడండి. దక్షిణ అట్లాంటిక్‌లో ఉంది, నెపోలియన్‌ని ఉంచిన చోటు. ఆఫ్రికా తీరానికి 1,900 కిలోమీటర్ల దూరం. అక్కడ ఒక ఇయర్‌విగ్ ఉండేది, అంటే వెనక వైపు పటకారు ఉండే పురుగు. మన తోటల్లో ఆకుల కింద కనబడేవి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు. ఇది పటకారుతో కలిపి 84 మిల్లీమీటర్లు. 1798లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త వర్ణించాడు, ఇప్పుడు దాన్ని లాబిడ్యూరా హెర్క్యులియానా అంటారు. తర్వాత దాన్ని దాదాపు మర్చిపోయారు. 1962లో పక్షుల ఎముకల కోసం వెతుకుతున్నవాళ్లకి ఎండిపోయిన పటకార్లు దొరికాయి. 1965లో బెల్జియం బృందానికి ఏకంగా బతికున్నవే దొరికాయి. 1967 తర్వాత బతికున్నది మళ్లీ ఎవరి కంటా పడలేదు. 1988లో లండన్ జూ వాళ్లు దీని కోసమే వెళ్లి వెతికారు, దొరకలేదు. 2014లో ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించినవాటిలో చేర్చింది.

ఇంకొకటి, ఆస్ట్రేలియాకి తూర్పున లార్డ్ హౌ ద్వీపం. అక్కడ అరచేతి పొడవున్న పుల్ల పురుగు, స్టిక్ ఇన్‌సెక్ట్, ఉండేది. 1918లో మకాంబో అనే ఓడ అక్కడ నేలకి తగిలి ఆగిపోయింది, అందులోని ఎలుకలు ఒడ్డుకెక్కాయి. కొద్ది ఏళ్లలో ఈ పురుగు కనబడకుండా పోయింది. పోయిందనే రాసుకున్నారు. 2001లో అక్కడికి 23 కిలోమీటర్ల దూరంలో సముద్రంలోంచి నిటారుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే రాతి శిఖరం మీద, ఒక్క మెలల్యూకా పొద దగ్గర, ఆ పురుగులు దొరికాయి. ఎలా దొరికాయో గమనించండి. పగలు ఎక్కినవాళ్లకి పురుగు కనబడలేదు. తాజా రెట్ట కనబడింది. రెట్ట చూసి, రాత్రి లైట్లు పట్టుకుని మళ్లీ ఎక్కారు. అప్పుడు కనబడ్డాయి.

పగటి పూట సర్వేతోనే దిగిపోయి ఉంటే నివేదికలో ఏమని రాసేవాళ్లు? లేదు అనే కదా. సెయింట్ హెలెనా ఇయర్‌విగ్ కూడా అంతే, వేసవి వానల్లో రాత్రి పూట బయటికొచ్చేది, ఎండ రోజుల్లో నేలలో బొరియలోకి దిగిపోయేది. వానల్లేనప్పుడు పగటి పూట నెల రోజులు రాళ్లు తిరగేసి సున్నా తెచ్చారనుకోండి, ఆ సున్నాకి విలువెంత? అందుకని ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. ఎంత వెతికాం, ఏ పద్ధతిలో వెతికాం, ఏ వేళ వెతికాం. దీన్నే మనవాళ్లు ఎఫర్ట్ అంటారు. ఎఫర్ట్ రాయని జాబితాలో ఉన్నవాటిని నమ్మొచ్చు, లేనివాటి గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. పాత సేకరణలు చూడండి, మ్యూజియం పెట్టెల్లో పురుగులు అద్భుతంగా ఉంటాయి. కానీ ఆ రోజు ఎన్ని గంటలు వెతికారో ఎక్కడా ఉండదు.

సముద్ర ద్వీపం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకెళ్దాం. ఏ కాలంలోనూ ఖండంతో కలిసి లేనిది. శ్రీలంక కాదు, అది మొన్నమొన్నటి మంచుయుగం దాకా మనతో కలిసే ఉంది. హవాయి, అజోర్స్, గాలపగోస్, ఇవీ సముద్ర ద్వీపాలంటే. మన వైపు చూస్తే అండమాన్‌లో బారెన్, నార్కొండం, ఈ రెండూ అగ్నిపర్వతాలే. పోర్ట్ బ్లెయిర్‌లో చుట్టాలున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు, వాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు.

ఇలాంటి చోటికి చేరిన ప్రతి పురుగూ గాలిలోనో, దుంగ మీదో, పక్షి కాలికి అంటుకునో, మనిషి సామానులోనో రావాలి. అందుకని కొన్ని గుంపులు అసలు చేరవు. హవాయిలో స్థానిక చీమ ఒక్కటీ లేదు. ఒక్కటీ! ఇవాళ అక్కడ కనబడే చీమలన్నీ మనుషుల వెంట వచ్చినవే.

చేరినవాటిలో ఇంకో విచిత్రం, రెక్కలు పోగొట్టుకోవడం. మదీరా ద్వీపాల్లో వొలాస్టన్ అనే కీటక శాస్త్రవేత్త పట్టిన పెంకు పురుగుల లెక్కని డార్విన్ 1859లో ఉదహరించాడు. 550 జాతుల్లో 200 జాతులు ఎగరలేవు. దక్షిణ హిందూ మహాసముద్రంలో కెర్గెలెన్‌కి వెళ్తే ఈగకే రెక్కలుండవు. ఇది వినోదం కోసం చెప్పడం లేదు. మీరు వల టెంటు, దీపపు ఎర, ఈ రెండే పట్టుకెళ్లారనుకోండి. అందులో ఏం పడతాయి? ఎగిరేవి పడతాయి. వాటిలో ఈ మధ్య బయటినుంచి వచ్చినవి చాలా ఉండొచ్చు. ఆ ద్వీపానికే ప్రత్యేకమైనవాటిలో రెక్కల్లేక నాచులోనూ పుచ్చిన దుంగలోనూ పాకేవి పడవు. అంటే మీ పరికరమే మీ ఫలితాన్ని ముందుగా రాసేసింది. అందుకే ద్వీపంలో ఒక్క పద్ధతితో సర్వే చెయ్యకూడదు.

సరే, పద్ధతికి వద్దాం. అజోర్స్‌ని ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అక్కడి పద్ధతి ఎవరైనా మళ్లీ అలాగే చెయ్యగలిగేంత శుభ్రంగా రాసిపెట్టారు. అట్లాంటిక్ మధ్యలో తొమ్మిది ద్వీపాలు, పోర్చుగల్‌వి, లిస్బన్‌కి పడమరగా 1,400 కిలోమీటర్లు. అడవంతా కొట్టేసి పశువుల మేతకి గడ్డి బీళ్లు చేశారు. స్థానిక అడవి మిగిలింది 5 శాతం దరిదాపు. అందులో కీటక శాస్త్రవేత్త పౌలో బోర్జెస్ బృందం 1999లో బాలా అనే సర్వే మొదలుపెట్టింది. 150 మీటర్ల పొడవున ఒక గీత, దాని మీద 30 పిట్‌ఫాల్ గ్లాసులు, అంటే పాకే పురుగులు పడేలా నేలలో పాతినవి, 5 మీటర్లకొకటి. పక్కనే చెట్లు దులపడం. ఇంతే. పదేళ్ల తర్వాత మళ్లీ అదే గీతల మీద, అదే గ్లాసులతో చేశారు. గొప్పదనమంతా అక్కడుంది.

గ్లాసు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. మూతి వెడల్పు 4.2 సెంటీమీటర్లు, లోతు 7.8. మామూలు ప్లాస్టిక్ గ్లాసే. నేలలో పాతాలి, మూతి నేలకి సమానంగా ఉండాలి. సమానంగా అంటే సమానంగానే. రెండు మిల్లీమీటర్లు పైకున్నా చిన్న పెంకు పురుగు అంచు తగలగానే పక్కకి తిరిగి వెళ్లిపోతుంది. లావా నేలలో గుంత సరిగ్గా రాదు, గ్లాసు చుట్టూ సందులుంటాయి, పురుగు ఆ సందులోకి దిగిపోతుంది. సన్నటి మట్టి తెచ్చి వేలితో కూరాలి. నేనైతే ఒకదానిలో ఒకటి రెండు గ్లాసులు పెట్టమంటాను. బయటిది నేలలోనే ఉంటుంది, లోపలిది తీసి ఖాళీ చేసి మళ్లీ పెట్టొచ్చు, గుంత చెదరదు.

పైన ప్లాస్టిక్ ప్లేటు ఒకటి, నేలకి 5 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు తీగ ముక్కలతో గుచ్చాలి. వాన కోసం. అజోర్స్ కొండల మీద వాన అంటే మామూలు వాన కాదు. ప్లేటు ఎగిరిపోయిన గ్లాసు పొంగుతుంది, పొంగితే పురుగులు బయటికి పోతాయి. అందుకే ద్రవం మూడో వంతుకి మించి పొయ్యొద్దు.

ద్రవం ఏమిటి? బాలాలో సగం గ్లాసుల్లో టర్క్విన్ ద్రావణం పోశారు. నల్ల బీరు, క్లోరల్ హైడ్రేట్, ఫార్మలిన్, ఎసిటిక్ యాసిడ్. నవ్వకండి, బీరు వాసనకి పురుగులొస్తాయి. మిగతా సగంలో ఇథిలీన్ గ్లైకాల్, దానికి ఆకర్షణ లేదు, పొరపాటున నడుస్తూ వచ్చి పడేవాటిని పట్టడానికి. రెండింట్లోనూ గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు. అది ఎందుకు? నీటి పైపొర బిగువు తగ్గించడానికి. లేకపోతే స్ప్రింగ్‌టెయిల్ లాంటి తేలిక పురుగు ద్రవం మీద నిలబడి గెంతి పోతుంది.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా వేరు. ఫార్మలిన్ డీఎన్‌ఏని పాడు చేస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలూ పశువులూ తాగి చస్తాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడండి. త్వరగా ఆవిరవదు, తేలిగ్గా మండదు, విషం కాదనే చెప్పుకోవచ్చు, కొన్ని వారాల వరకు డీఎన్‌ఏ కూడా నిలుస్తుంది. పాత సర్వేతో పోల్చాలంటే మాత్రం పాత ద్రవమే వాడాలి, అక్కడ మీ ఇష్టాయిష్టాలు కుదరవు.

గ్లాసులు రెండు వారాలు ఉంటాయి. తవ్విన రోజునే తెరిస్తే కొత్తగా కదిపిన మట్టికి కొన్ని పురుగులు విరగబడి వస్తాయి, లెక్క చెడుతుంది. పాతి, మూతపెట్టి, కొన్ని రోజులాగి తెరవండి. 30 గ్లాసులు 14 రోజులు, 420 ట్రాప్-రోజులు. మూడు గ్లాసులు ఎలుక పీకేసిందనుకుందాం, 378. నివేదికలో 378 అని రాయాలి. చాలామంది 420 అనే రాస్తారు. ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు! పగడపు దీవులైతే ఎలుక కాదు, పీతలు. రాత్రికి రాత్రి గ్లాసులన్నీ పీకి పడేస్తాయి. అక్కడ ముందు రోజే పీతల సంగతి చూసుకుని, గ్లాసు మీద ముతక వైరు మెష్ బిగించాలి.

ఇక చెట్లు దులపడం, బీటింగ్. ఆ అడవిలో చెట్లు పొట్టి, సగటున మూడు మీటర్లు, ఐదు దాటవు. జునిపెరస్, ఎరికా, లారస్ లాంటివి. అందుకని నేలమీద నుంచే కొమ్మ అందుతుంది. ఆ గీత మీద ఎక్కువగా ఉన్న మూడు చెట్ల జాతులు తీసుకుంటారు, జాతికి పది చెట్లు. గొడుగు తిరగేసినట్టుండే గుడ్డ, మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు, అడుగున ప్లాస్టిక్ సంచి. కొమ్మ కింద పెట్టి కర్రతో ఐదు దెబ్బలు. ఐదంటే ఐదే, బాగా పడుతున్నాయని ఆరోది కొట్టకూడదు. పడటం లేదని ఇంకో కొమ్మకి మారకూడదు.

తడిలో దులిపితే ఏమవుతుంది? గుడ్డ నీళ్లు పీల్చుకుంటుంది, మిల్లీమీటరు పొడవుండే పరాన్నజీవి కందిరీగలు గుడ్డకే అతుక్కుపోతాయి. సంచిలోకి రావు. మబ్బుల్లో మునిగి ఉండే ఆ కొండల మీద ఆకు ఆరేదాకా కూర్చోవడం కూడా పనిలో భాగమే.

2012 నుంచి అక్కడ స్లామ్ అనే వల టెంట్లు కూడా పెడుతున్నారు. 110 సెంటీమీటర్ల ఘనం, నాలుగు వైపుల నుంచీ ఎగిరొచ్చినవి గుడ్డకి తగిలి పైకెక్కి పై సీసాలో పడతాయి. సీసాలో ప్రొపిలీన్ గ్లైకాల్, మూడు నెలలకోసారి మారుస్తారు. దీని లాభం ఏమిటంటే మనిషి పక్కన ఉండక్కర్లేదు, ఏడాదికి నాలుగుసార్లు వెళ్తే ఏడాదంతటి నమూనా వస్తుంది. నష్టం గాలి. తుఫానుకి టెంటు కూలి ఎన్నాళ్లు పడుందో తెలియకపోతే ఆ మూడు నెలల సీసాని సంఖ్యల పోలికలో వాడకూడదు. జాతుల జాబితాకి వాడుకోండి, అంతవరకే.

ఏ ట్రాప్‌లోనూ పడనివి చాలా ఉంటాయి. హవాయిలో డ్రోసోఫిలా ఈగల కోసం పులిసిన అరటిపండు, కుళ్లిన పుట్టగొడుగు, ఈ రెంటినీ స్పాంజి ముక్కలకి పూసి చెట్లకి వేలాడదీస్తారు. అదే హవాయిలో మౌనా కేయా, 4,207 మీటర్ల కొండ, ఆ కొస మీద చెట్టూ చేమా లేవు. అక్కడ వేకియు అనే నల్లి జాతి పురుగు, కింద నుంచి గాలికి కొట్టుకొచ్చి చలికి చచ్చిన పురుగుల్ని పీల్చి బతుకుతుంది. దాని కోసం రొయ్యల పేస్టు ఎర పెట్టి, చంపకుండా లెక్కపెట్టి వదిలేస్తారు. అంత చిన్న జాగాలో ఉండే పురుగుని చంపి లెక్కపెట్టడం సరి కాదు కదా!

ఆకుల్లో ఉండేవాటిని పెంచి చూడాలి. ఆకు తొలిచే పురుగులు మన టమాటా ఆకుల మీద గీసే వంకర గీతలు చూశారు కదా, అలాంటి గీతలున్న ఆకు తెంపి, డబ్బాలో టిష్యూ కాగితం మీద పెట్టి, రోజూ తెరిచి చూడాలి. బూజు పట్టిందంటే తడి ఎక్కువైంది. లార్వా ఎండిందంటే తక్కువైంది. హవాయిలో యుపితీసియా అనే గొంగళి పురుగు కొమ్మ చివర పుల్లలా నిలబడి ఈగల్ని పట్టి తింటుంది. 1972లో స్టీవెన్ మాంట్‌గోమరీ కనిపెట్టాడు. ఆ గుంపు గొంగళి పురుగంటే ఆకులో పువ్వులో తినాలి కదా! దీపానికి వచ్చిన రెక్కల పురుగుని ఎంతసేపు చూసినా ఈ సంగతి తెలిసేది కాదు.

ఇప్పుడు అసలు పని. అడవిలో రెండు వారాల పని ల్యాబులో నెలల పని. దీనికి డబ్బూ మనుషులూ ముందే పక్కన పెట్టుకోకపోతే సీసాలు అలమరలో పేరుకుపోతాయి, ఏళ్లు గడుస్తాయి.

ముందు లేబుల్. లేబుల్ సీసా లోపల ఉండాలి, బయట కాదు. బయట అంటించింది ఆల్కహాల్ కారగానే ఊడిపోతుంది. నూలు కాగితం, పెన్సిలుతో. లేజర్ ప్రింటరు అక్షరాలు ఆల్కహాల్‌లో పొరలుగా లేచిపోతాయి, సీసా అడుగున నల్ల పొడి మిగులుతుంది, ఏ సీసా ఏ ద్వీపానిదో ఇక దేవుడికే తెలియాలి. ఏం రాయాలి? ద్వీపం, చోటు, అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల వరకు, అంటే పదకొండు మీటర్ల తేడాలోపు, సముద్రమట్టానికి ఎత్తు, ట్రాప్ రకం, దాని నంబరు, తెరిచిన తేదీ, మూసిన తేదీ. నెలని రోమన్ అంకెలో రాయండి. 5-7 అంటే ఒకరికి మే, ఒకరికి జులై.

తర్వాత వేరుచెయ్యడం. కుర్రాళ్లు చూసి ఒకేలా ఉన్నవాటికి ఒక నంబరు ఇస్తారు, మార్ఫోస్పీషీస్. ఇది తప్పదు. అయితే తప్పు ఎటు జరుగుతుందో తెలిసుండాలి. మగది నల్లగా, ఆడది గోధుమ రంగులో ఉంటే రెండు నంబర్లు. లార్వాకి మూడో నంబరు. ఒక జాతి మూడయింది. ఇంకో వైపు, అజోర్స్‌లో టార్ఫియస్ అనే పెంకు పురుగులు చూడండి, మట్టి రంగు, మట్టి పూసుకుని ఉంటాయి, జాతి జాతికీ తేడా పైకి తెలియదు. మూడు జాతులు కలిసి ఒకటయిపోతాయి. అందుకని ప్రతి నంబరుకీ రెండు మూడు నమూనాలు ఆ గుంపు తెలిసిన నిపుణుడు చూడాలి. పిల్ల పురుగుల్ని విడిగా లెక్కపెట్టి పెట్టుకోండి, జాతుల సంఖ్యలో కలపొద్దు.

డీఎన్‌ఏ బార్‌కోడ్ ఉంది కదా అంటారు. ఉంది. జాతిని గుర్తుపట్టడానికి చదివే, సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్క. ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియా ద్వీపంలో మిల్లీమీటరు దాటిన ప్రతి జీవజాతికీ బార్‌కోడ్ తియ్యాలనే ప్రాజెక్టు నడిచింది. మంచి సాయమే. లార్వానీ పెద్ద పురుగునీ ఒకటిగా కలపడానికి దానికి మించింది లేదు. కానీ ఆ ద్వీప జాతికి సరైన పేరుతో బార్‌కోడ్ డేటాబేసులో లేకపోతే మీకు వచ్చేది అక్షరాల వరస మాత్రమే. ఒక కాలు తీసి పంపండి, మిగతా పురుగుని దాచండి.

లెక్కలకి వస్తే, చావో-1 అనే అంచనా సూత్రం మీకందరికీ తెలుసు. ఒక్కసారే దొరికిన జాతులు, రెండుసార్లు దొరికిన జాతులు, వీటిని బట్టి దొరకనివెన్నో అంచనా. 84 జాతులు దొరికాయి అనుకుందాం, అందులో ఒక్కటేసి దొరికినవి 20, రెండేసి దొరికినవి 10. ఇరవై ఇంటూ ఇరవై 400, దాన్ని రెండు పదుల ఇరవైతో భాగిస్తే 20. మొత్తం కనీసం 104. కనీసం అన్న మాట మర్చిపోవద్దు. ద్వీపంలో దీనికి ఒక చిక్కుంది. అడవి ముక్క చిన్నది, చుట్టూ గడ్డి బీడు. బీడు నుంచి గాలికి కొట్టుకొచ్చిన పురుగు మీ గ్లాసులో ఒక్కటే పడుతుంది. అలాంటివి పదుంటే మీ అడవి ఉన్నదానికంటే సంపన్నంగా కనబడుతుంది. అజోర్స్ కీటకాల్లో సగానికి పైగా మనుషుల వెంట వచ్చినవే. అందుకని ప్రతి జాతికీ పక్కన మూడింటిలో ఒకటి రాయాలి. అక్కడికే ప్రత్యేకం, స్థానికమే కానీ వేరేచోటా ఉంది, బయటినుంచి తెచ్చింది. మూడింటికీ అంచనా విడివిడిగా వేసి చూడండి, మొత్తం జాతుల సంఖ్య పెరిగింది అన్న శుభవార్త ఒక్కోసారి చెడ్డ వార్త అవుతుంది.

చివరగా ప్రయాణం. వెళ్లేటప్పుడు బూట్ల అడుగు బ్రష్షుతో గీకి, వెల్క్రో పట్టీల్లో గింజలు సూదితో తీసి, టెంటు సంచి తిరగేసి దులపండి. చీమల్ని మోసుకెళ్లేది చాలాసార్లు ఇలాంటి సామానే. దిగిన రేవులోనే కార్డు ముక్కల మీద వేరుశనగ వెన్న, పంచదార నీళ్లు, డబ్బా చేప పెట్టి గంట ఆగి చూడండి. పెద్ద తల చీమ, ఫీడోల్, కనబడితే ఆ చుట్టుపక్కల స్థానిక పెంకు పురుగుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. హవాయి పల్లపు ప్రాంతాల్లో పెర్కిన్స్ అనే కీటక శాస్త్రవేత్త వందేళ్లకి ముందే ఇది గమనించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆల్కహాల్ సమస్య. డబ్బాల కొద్దీ 96 శాతం ఆల్కహాల్ విమానం ఎక్కనివ్వరు. శాస్త్రీయ నమూనాలకి విమాన సంస్థల సంఘం ఐయాటా నియమాల్లో ఏ180 అనే వెసులుబాటు ఉంది. ఒక్కో సీసాలో 30 మిల్లీలీటర్లు, మొత్తం పెట్టెలో లీటరు మించకూడదు. సీసాలు ప్లాస్టిక్ సంచిలో వేడితో అతికించి, పీల్చే గుడ్డ చుట్టి, ఇంకో సంచిలో పెట్టాలి. నియమాలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు విమాన సంస్థతో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆ ద్వీప ప్రభుత్వం ఇచ్చిన ఎగుమతి అనుమతి అసలు కాగితం చేతి సంచిలో ఉండాలి, సరుకు పెట్టెలో కాదు. పెట్టె ఒకచోటా మీరు ఒకచోటా ఉండిపోవడం కొత్తేం కాదు. పెట్టె ఆగిపోతే సీసాల్లో ఆల్కహాల్ ఎంతకాలం నిలుస్తుందన్నది మూత రబ్బరు మీద ఆధారపడి ఉంటుంది, అందుకని కొనే రోజునే పది సీసాలు నింపి, తలకిందులుగా వారం పెట్టి చూడండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇక ప్రశ్నలు, ముందు ఆ కిటికీ పక్కనున్న అమ్మాయి.